యాకూబ్, యూసుఫ్... ఒక ముక్కు కత్తి

ముక్కు ఆపరేషన్ చేసే సర్జన్ల ట్రేలో ఒక చిన్న కత్తి ఉంటుంది. సన్నటి మొన, రెండు వైపులా పదును. ముక్కు రంధ్రం లోపల గాటు పెట్టి, పై చర్మాన్ని కింది ఎముక నుంచి విడదీయడానికి దాన్ని వాడతారు. దాని పేరు జోసెఫ్ కత్తి. బెర్లిన్‌లో పనిచేసిన ఒక యూదు డాక్టరు పేరు అది.

ఆయన 1865లో ప్రష్యాలోని కోనిగ్స్‌బెర్గ్‌లో పుట్టారు. ఆ ఊరే ఇప్పుడు రష్యాలోని కాలినిన్‌గ్రాడ్. తండ్రి రబ్బీ, అంటే యూదుల మతగురువు. పిల్లవాడికి పెట్టిన పేరు యాకోబ్, ఇంటిపేరు జోసెఫ్. ముస్లిం ఇళ్లలో యాకూబ్, యూసుఫ్ అని పిలుచుకునే పేర్లే ఇవి. తర్వాత ఆయన యాకోబ్‌ను ఫ్రెంచి పద్ధతిలో జాక్ అని మార్చుకున్నారు.

డాక్టరయ్యాక బెర్లిన్‌లో పేరున్న ఎముకల వైద్యుడు యూలియస్ వోల్ఫ్ దగ్గర అసిస్టెంటుగా చేరారు. 1896లో ఒక తల్లి తన కొడుకును తీసుకొచ్చింది. చెవులు బాగా బయటికి పొడుచుకొచ్చాయని తోటి పిల్లలు ఎగతాళి చేస్తుంటే, వాడు బడికి వెళ్లనని మొండికేశాడు. జోసెఫ్ ఆపరేషన్ చేసి చెవులు సరిచేశారు. పిల్లవాడు బాగయ్యాడు గానీ డాక్టరు ఉద్యోగం పోయింది. రోగం లేనివాడికి అందం కోసం కత్తి పెట్టడం ఆనాటి పెద్దల దృష్టిలో తప్పు.

జోసెఫ్ వెనక్కి తగ్గలేదు. 1898లో, ముక్కు మరీ పెద్దదని నలుగురిలోకి రావడానికే సిగ్గుపడే ఒక యువకుడి ముక్కును చిన్నది చేశారు. ఆ కేసును బెర్లిన్ వైద్యుల సంఘం ముందు పెట్టారు. నలుగురిలో తలెత్తుకోలేని బాధ కూడా బాధేనన్నది ఆయన వాదన. మొదట్లో ముక్కు పైనే కోసేవారు, మచ్చ మిగిలేది. తర్వాత లోపలి నుంచే చేయడం మొదలుపెట్టారు. అందుకు కావలసిన కత్తులు, రంపాలు ఆయనే తయారు చేయించుకున్నారు. బెర్లిన్ జనం ఆయన్ను ముక్కు జోసెఫ్ అని పిలిచేవారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులు వందలాదిగా వచ్చారు. 1916లో షారిటే ఆసుపత్రిలో ముఖ శస్త్రచికిత్స విభాగాన్ని ఆయనకు అప్పగించారు. క్రైస్తవ మతంలోకి మారితే ప్రొఫెసర్ పదవి ఇస్తామని కైజర్ ప్రభుత్వం చెప్పిందని, ఆయన ఒప్పుకోలేదని అంటారు. కైజర్ గద్దె దిగాక, 1919లో, మతం మారకుండానే ఆయనకు ప్రొఫెసర్ హోదా దక్కింది.

1933లో నాజీలు అధికారంలోకి వచ్చి యూదు డాక్టర్లను ఒక్కొక్క చోటి నుంచీ తోసేయడం మొదలుపెట్టారు. జర్మనీ సైనికుల ముఖాలు బాగుచేసిన మనిషి ఆ దేశానికే పరాయివాడైపోయాడు. 1934 ఫిబ్రవరిలో బెర్లిన్‌లోనే గుండెపోటుతో కన్నుమూశారు.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఆ విద్యను అమెరికా దాకా తీసుకెళ్లారు. యాకోబ్ పేరును ఆయనే మార్చుకున్నారు. తండ్రి నుంచి వచ్చిన జోసెఫ్ పేరును, మతాన్ని మాత్రం వదలలేదు. ఆ జోసెఫ్ పేరే ఇవాళ్టికీ ఆ కత్తికి ఉంది.