దాయీల కోసం కలం పట్టిన హకీం: అల్ జహ్రావీ

మన ఇళ్లలో ఆడవాళ్లకి పొత్తికడుపులో నొప్పి వస్తే మొదటి ప్రశ్న ఏమిటో అందరికీ తెలుసు. లేడీ డాక్టర్ ఉందా? లేదంటే, సరేలే రేపు చూద్దాం అంటారు. ఆ రేపటికి ఒక్కోసారి పరిస్థితి చేయి దాటిపోతుంది. ఈ చిక్కు మనతో మొదలైంది కాదు. వెయ్యేళ్ల కింద అందలూసియాలో, అంటే ఇప్పటి స్పెయిన్‌లో, ఒక హకీం ముందుకీ ఇదే వచ్చి నిలబడింది.

ఆయన పూర్తి పేరు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్న్ అబ్బాస్ అల్ జహ్రావీ. యూరప్ వాళ్ల నోట్లో పడి ఆ పేరు అల్బుకాసిస్ అయింది. సుమారు 936లో పుట్టారు. ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్ కార్డోబా (మనం ఉర్దూలో ఖుర్తుబా అంటాం) పక్కనే కట్టించిన మదీనతుజ్ జహ్రా ఆయన ఊరు. ఊరి పేరే ఇంటిపేరయింది. ఆయన జీవితమంతా వైద్యంలోనే గడిచింది. అందులో నేర్చుకున్నదంతా 'కితాబుత్ తస్రీఫ్' అనే 30 భాగాల గ్రంథంలో పెట్టారు. క్రీస్తు శకం 1000 ప్రాంతంలో అది పూర్తయింది. చివరిదైన ముప్పయ్యో భాగం శస్త్రచికిత్స గురించి. సుమారు 200 పరికరాల బొమ్మలు అందులో ఉన్నాయి.

ఆ భాగం మొదట్లోనే ఆయన కోపం కనిపిస్తుంది. శరీరం లోపల ఏది ఎక్కడుందో చదవకుండా కత్తి పట్టుకునేవాళ్ల మీద ఆ కోపం. తన కళ్లముందు జరిగినవే ఉదాహరణగా రాశారు. ఒక ఆడమనిషి మెడ మీద గడ్డ ఉంటే, తెలిసీ తెలియని వైద్యుడొకడు దాన్ని కోయబోయి రక్తనాళాలు తెంచేశాడు. ఆమె అక్కడికక్కడే ప్రాణం వదిలింది. శిష్యుల్ని 'నా బిడ్డలారా' అని పిలుస్తూ రాసిన పుస్తకం అది. పిల్లలకి తండ్రి చెప్పినట్టు, ఇది చెయ్యండి, ఇది చెయ్యకండి అని నడుస్తుంది.

ఆడవాళ్ల మూత్రాశయంలో రాయి తీసే చోట మన మొదటి చిక్కు వస్తుంది. మంచి కుటుంబాల స్త్రీలు మగ వైద్యుడి ముందు ఒళ్లు చూపించరు, ఈ పని నేర్చిన స్త్రీ దొరకడం చాలా అరుదు, అందుకే ఈ వైద్యం కష్టమని ఆయన ఒప్పుకున్నారు. అయితే హయా ఉంది కాబట్టి ఊరుకోండి అనలేదు, ప్రాణం ముందు సిగ్గేమిటి అని ఆమెనీ తిట్టలేదు. వైద్యం తెలిసిన స్త్రీని వెతకండి, లేకపోతే అనుభవమున్న దాయీని పక్కన పెట్టుకోండి, మీరు చెబుతుంటే ఆమె చేత్తో చేస్తుంది అన్నారు. ఎక్కడ వేలు పెట్టాలి, ఎటు నొక్కాలి అన్నీ వివరంగా రాశారు. నా దృష్టిలో ఆయన గొప్పతనం పరికరాల కంటే ఇక్కడే ఎక్కువగా ఉంది.

కాన్పుల గురించి రాసినది కూడా దాయీలకి నేర్పించే పద్ధతిలోనే ఉంటుంది. బిడ్డ సహజంగా వచ్చేది తలతో అని ముందు చెప్పి, కాళ్లు ముందొస్తే, చెయ్యి బయటికొస్తే ఏం చెయ్యాలో ఒక్కొక్కటీ చెబుతారు. లాగకూడదు, మెల్లగా లోపలికి నెట్టి తిప్పుకోవాలి. కష్టమైన కాన్పులో తల్లిని ఎత్తైన మంచం మీద కాళ్లు కిందికి వేలాడేలా పడుకోబెట్టమన్నారు. అదే భంగిమకి సుమారు తొమ్మిది వందల ఏళ్ల తర్వాత వాల్కర్ అనే జర్మన్ డాక్టర్ పేరు పెట్టారు. మెంతుల జిగురు, నువ్వుల నూనె కలిపి రాయమన్న మాట చదివితే మన నానీ, దాదీలు గుర్తొస్తారు. గర్భాశయ ముఖాన్ని చూడటానికి మరతో తెరుచుకునే పరికరం గీసి, అది పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ల ప్రెస్ లాగా ఉంటుందని పోలిక చెప్పారు. ఆ పోలిక వింటే ఊళ్లో వడ్రంగి కూడా చేసివ్వగలడు.

వాట్సాప్‌లో తిరిగే ఒక మాట సరిచెయ్యాలి. బతికున్న బిడ్డని బయటికి తీసే ఫోర్సెప్స్ ఆయనే కనిపెట్టారంటారు. ఆయన గీసినవి కడుపులో చనిపోయిన బిడ్డని తీసి తల్లిని కాపాడే పనిముట్లు. బతికున్న బిడ్డ కోసం ఫోర్సెప్స్ వాడింది ఇంగ్లండ్‌లోని చాంబర్లెన్ కుటుంబం, 17వ శతాబ్దంలో. వాళ్లు దాన్ని తరతరాలు రహస్యంగా దాచుకున్నారు. జహ్రావీ మాత్రం దేనినీ దాచలేదు.

ఇక ఆయన స్వయంగా చూసిన ఒక కేసు. ఒక స్త్రీ గర్భవతి అయింది, బిడ్డ కడుపులోనే పోయింది. మళ్లీ గర్భం వచ్చింది, అదీ పోయింది. చాలాకాలం తర్వాత బొడ్డు దగ్గర వాపు వచ్చి పగిలి చీము కారింది. ఎన్నాళ్లు మందేసినా పుండు మానలేదు. ఘాటైన మలాం పెడితే ఒక ఎముక బయటికొచ్చింది, కొన్నాళ్లకి ఇంకోటి. పొట్టలో ఎముకలెక్కడివి? ఆయన ఆశ్చర్యపోయారు. చివరికి అవి చనిపోయిన పిండానివని గ్రహించి చాలా ఎముకలు తీశారు. పుండు నుంచి కాస్త చీము కారుతున్నా ఆమె తర్వాత చాలాకాలం బతికింది.

ఇవాళ డాక్టర్లు దీన్ని గర్భసంచి బయట వచ్చిన గర్భంగా చూస్తారు. అదెలా జరుగుతుందో ఆయనకి తెలిసే వీలు లేదు. మన బచ్చేదానీ చిన్న జామకాయంత ఉంటుంది. దానికి రెండు పక్కలా జానెడులో సగం పొడవుండే గొట్టాలు, వాటి చివర బాదం గింజంత అండాశయాలు. అండం గొట్టంలో ప్రయాణిస్తుంది, బీజంతో కలిసేది సాధారణంగా అక్కడే, తర్వాత గర్భసంచికి చేరి కుదురుకుంటుంది. నూటికి ఒకటి రెండు గర్భాల్లో అది దారిలోనే, ఎక్కువగా గొట్టంలోనే ఆగిపోతుంది. చాలా అరుదుగా పొట్టలోనే ఎక్కడో అంటుకుంటుంది. జహ్రావీ కాలంలో అండాశయాల్ని మగవాళ్ల వృషణాల లాంటివని గేలన్ చెప్పినట్టే నమ్మేవాళ్లు. ఆ గొట్టాల్ని సరిగా వర్ణించింది ఇటలీకి చెందిన ఫాలోపియో, 1561లో. నెల తప్పాక పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, రక్తం కనిపించడం, కళ్లు తిరగడం ఉంటే రేపటిదాకా ఆగకూడదు. గొట్టం పగిలితే ప్రాణం మీదికొస్తుంది.

ఆయన చివరి రోజుల్లో ఖుర్తుబా అంతర్యుద్ధంలో కాలింది, పుట్టిన మదీనతుజ్ జహ్రా దోపిడీకి గురై శిథిలమైంది. ఆయన 1013 ప్రాంతంలో కన్నుమూశారు. పుస్తకం మిగిలింది. 12వ శతాబ్దంలో టొలెడోలో క్రెమోనా జెరార్డ్ శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి మార్చాడు, యూరప్ వైద్యులు వందల ఏళ్లు చదివారు. 1465లో తుర్కీలోని అమాస్యాలో షరఫుద్దీన్ సబున్‌జుఓగ్లూ అనే ఎనభై ఏళ్ల సర్జన్, ఎక్కువగా ఆయన పుస్తకం ఆధారంగానే తుర్కీ భాషలో తన గ్రంథం రాశాడు. దానికి రంగుల బొమ్మలు కూడా వేశాడు. వాటిలో కొన్నింట్లో స్త్రీ రోగి ముందు కూర్చుని శస్త్రచికిత్స చేస్తున్నది స్త్రీలే. మన దేశంలో చూడాలంటే, పట్నాలోని ఖుదాబఖ్ష్ లైబ్రరీలో తస్రీఫ్ పాత చేతిరాత ప్రతి ఒకటి ఉంది, పరికరాల బొమ్మలతో సహా.