యూజీన్ హూడ్రీ

మోటారు ఇంజనులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి, నిప్పురవ్వ తగులగనే క్రమముగా మండవలయును. నాసిరకపు పెట్రోలులో కొంతభాగము ఆ మంట తన్ను చేరకమునుపే తనంత తానే భగ్గుమనును. అప్పుడు ఇంజను టకటక కొట్టుకొనును. దాని బలము తగ్గును. ఈ దోషమును పెట్రోలు ఎంతవరకు నిరోధింపగలదో తెలుపునదే ఆక్టేన్ సంఖ్య. ఆ సంఖ్యను పెంచుటకు కొత్త మార్గము చూపిన మహనీయుడు యూజీన్ హూడ్రీ.

ఆయన 1892లో ఫ్రాన్సుదేశమున, పారిసునగర సమీపమున జన్మించెను. యంత్రశాస్త్రము నభ్యసించి 1911లో పట్టభద్రుడయ్యెను. మొదటి ప్రపంచయుద్ధమున ట్యాంకుదళములో చేరి, 1917లో తీవ్రముగా గాయపడెను. యుద్ధానంతరము పందెపు కార్లపై మక్కువ పెంచుకొని, మంచి ఇంజనునకు మంచి పెట్రోలు కావలెనని గ్రహించెను.

ముడిచమురును కాచి ఆవిరులను వేరుచేసినచో కొంత పెట్రోలు వచ్చును. బరువైన నూనె చాల మిగులును. ఆ నూనెలోని పెద్ద అణువులను కేవలము వేడిమిచే విరుగగొట్టు పద్ధతి అదివరకే కలదు. హూడ్రీ ఆ నూనె ఆవిరులను సిలికా, అల్యూమినా గల మట్టిపై ప్రసరింపజేసెను. ఆ మట్టి ఉత్ప్రేరకము. అనగా, తాను వ్యయము కాక మార్పును త్వరపరచునది. దానివలన కొమ్మలుగల అణువులు ఎక్కువగా ఏర్పడెను. అట్టివి వేళకు ముందు మండవు.

కాని కొన్ని నిమిషములలోనే మట్టిపై బొగ్గు పేరుకొని, దాని శక్తి నశించుచుండెను. హూడ్రీ నిరాశ చెందలేదు. గాలిని పంపి ఆ బొగ్గును కాల్చివేయగా మట్టి మరల పనికివచ్చెను. ఆ మంట వేడిమిని సైతము ఆయన వృథాపోనీయలేదు.

1930లో ఆయన అమెరికాకు వెడలెను. 1936లో న్యూజెర్సీలోని పాల్స్‌బరోలోను, 1937లో పెన్సిల్వేనియాలోని మార్కస్‌హుక్‌లోను ఆయన పద్ధతిపై కర్మాగారములు పనిచేయసాగెను. రెండవ ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యముల విమానములకు వలసిన 100 ఆక్టేన్ ఇంధనము తయారగుటకు ఆ పెట్రోలు మిక్కిలి తోడ్పడెను. జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వమును ఎదిరించినందులకు, 1941లో ఆ ప్రభుత్వము హూడ్రీ పౌరసత్వమును రద్దుచేసెను. మరుసటియేడు ఆయన అమెరికా పౌరుడయ్యెను.

తుదకు ఆయన దృష్టి కార్లు విడుచు పొగపై పడెను. తాను మెరుగుపరచిన పెట్రోలే నగరముల గాలిని చెరచుట చూచి, విషవాయువులను ఉత్ప్రేరకముచే శుద్ధిచేయు సాధనమును నిర్మించెను. కాని ఆక్టేన్ పెంచుటకై నాడు పెట్రోలులో కలుపుచుండిన సీసము ఆ ఉత్ప్రేరకమును పాడుచేసెడిది. 1962లో హూడ్రీ మరణించునాటికి ఆ ఆశ నెరవేరలేదు. 1975 నుండి అమెరికాలో సీసములేని పెట్రోలుతో నడుచు కార్లకు అట్టి సాధనములను అమర్చసాగిరి. బలమిచ్చిన విద్యయే శుద్ధినియు ఈయవలెనను ఆయన సంకల్పము అట్లు ఫలించెను.