అరచేతిలో ఆటస్థలం: గుంపెయ్ యొకోయి జీవిత విశేషాలు

ప్రతి వార్షిక సంచికలోనూ ఒక మహనీయుని జీవితాన్ని స్మరించుకోవటం కళాశాల పత్రికలకు సంప్రదాయం. కవులు, దేశభక్తులు, శాస్త్రవేత్తలు ఆ పుటలను అలంకరిస్తూ వచ్చారు, అది సముచితమే. ఈ పర్యాయం మేము ఒక బొమ్మల తయారీదారును ఎన్నుకున్నాము. కారణం లేకపోలేదు. సాయంకాలం గోదావరిఖని చౌరస్తాలో బస్సు కొరకు నిలిచి ఉన్న విద్యార్థులను గమనించండి. వారిలో ఒకరిద్దరైనా చేతిలోని తెరపై ఒక చిన్న మనిషిని గోతుల మీదుగా దూకిస్తూ కనబడతారు. అది కాలహరణమని పెద్దలు మందలిస్తారు. పిల్లలు బదులు చెప్పరు, ఆటా మానరు. ఆ బొమ్మను దూకించటంలో అంతటి ఆనందం ఎక్కడ ఉన్నదని మేము విచారించగా ఆ దారి మమ్మల్ని జపానులోని క్యోటో నగరానికి, అక్కడ కార్డుల కర్మాగారంలో యంత్రాలు బాగుచేసే ఒక యువకుని వద్దకు తీసుకొనిపోయింది. ఆయన పేరు గుంపెయ్ యొకోయి.

కథ 1889లో మొదలవుతుంది. మన సింగరేణి చరిత్రలో అది మరువరాని సంవత్సరం. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం ఆరంభమైనది అప్పుడే. రామగుండం వైపు గనులు తెరుచుకోవటానికి ఇంకా ఎన్నో దశాబ్దాలు పట్టింది. అదే 1889లో క్యోటోలో ఫుసజిరో యమవుచి అనే ఆయన హనఫుడా అనే పూల బొమ్మల పేకముక్కలు తయారుచేసే చిన్న అంగడి పెట్టారు. అదే నింటెండో సంస్థ. ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదు. అయినా మన తాతలు నేలలోకి దిగిన ఏడాదే అక్కడ ఆ కొట్టు తెరిచారని తెలిసినప్పుడు మాకు ఎందుకో సంతోషం కలిగింది.

యొకోయి 1941 సెప్టెంబరు 10న క్యోటోలోనే జన్మించారు. దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ అభ్యసించి 1965లో నింటెండోలో చేరారు. ఉద్యోగం గొప్పది కాదు. పేకముక్కలు తయారుచేసే యంత్రాల బాగోగులు చూడటం, చెడితే సరిచేయటం. మన ప్రాంతపు పాఠకులకు దీనిని వివరించనక్కర లేదు. యంత్రం నడుస్తున్నంత కాలం ఫిట్టరును ఎవరూ పలకరించరు; ఆగిన మరుక్షణం అందరూ అతని పేరే పిలుస్తారు. పని లేని వేళల్లో ఆయన ఊరుకోలేదు. కత్తెర మడతల వలె అడ్డంగా పేర్చిన పట్టీలతో, పిడి నొక్కితే ముందుకు సాగి వస్తువును పట్టుకొనే ఒక చేతిని సరదాకు చేసుకున్నారు. 1966లో సంస్థ అధ్యక్షుడు, స్థాపకుని మునిమనుమడు అయిన హిరోషి యమవుచి కర్మాగారానికి వచ్చినప్పుడు అది ఆయన కంటబడింది. పని వేళల్లో ఆటలేమిటని గద్దించవలసిన చోట, దానిని సరుకుగా మార్చి అంగడికి పంపవలసిందని ఆయన ఆజ్ఞాపించారు. అల్ట్రా హ్యాండ్ అనే పేరుతో వెలువడిన ఆ బొమ్మ పది లక్షలకు మించి అమ్ముడుపోయింది. ఆ మరమ్మతు ఉద్యోగి నాటి నుండి బొమ్మల రూపకర్త అయ్యారు.

తరువాతి పదేళ్ల బొమ్మలను ఇక్కడ ఏకరువు పెట్టబోము. ఇంటిలోనే మెత్తని బంతులు విసిరే యంత్రం, ఇద్దరు చేతులు పట్టుకుంటే ముల్లు కదిలి ప్రేమను కొలుస్తానని చెప్పే పెట్టె, కాంతితో గురిచూసే తుపాకి మొదలైనవి అందులో ఉన్నాయి. వాటన్నిటిలోనూ కనబడే ఆలోచన మాత్రం ఒక్కటే. కొత్తగా వచ్చిన, ఖరీదైన పరిజ్ఞానం వెంట ఆయన పరుగెత్తలేదు. లోకం వాడి వాడి గుణదోషాలన్నీ తెలుసుకొన్న, అందువల్లనే చౌకబడిన సాధనాన్ని తీసుకొని, ఎవరూ తలపెట్టని పనికి దానిని మళ్లించేవారు. పాతబడిన సాంకేతికతను పక్కదారిన ఆలోచించి వాడుకోవటమని తన పద్ధతిని ఆయనే వివరించేవారు. గనిలో తీసివేసిన బెల్టు ముక్కతో ఇంటి తలుపుకు మడతబందు వేసుకొనే మన కార్మికునికి ఈ సిద్ధాంతం కొత్తగా తోచకపోవచ్చు.

ఒకనాడు బుల్లెట్ రైలులో ప్రయాణిస్తూ ఆయన ఒక ఉద్యోగిని చూశారట. ఆ మనిషి విసుగుతో జేబులోని లెక్కల యంత్రం మీటలను ఊరికే నొక్కుతున్నాడు. ఆ రోజుల్లో కంపెనీల పోటీ వలన లెక్కల యంత్రాల ద్రవస్ఫటిక తెరలు బాగా చౌకబడి ఉన్నాయి. అదే తెరపై అంకెలకు బదులు బొమ్మ మనుషులను ఉంచి, పెద్దమనిషి సైతం సిగ్గుపడకుండా అరచేతి చాటున ఆడుకొనే ఆట చేయవచ్చునని ఆయనకు స్ఫురించింది. 1980 ఏప్రిల్‌లో వెలువడిన గేమ్ అండ్ వాచ్ ఆ విధంగా పుట్టింది. చేతి ఆటలు అంతకు ముందు లేవని కాదు; అమెరికాలో 1970ల చివరనే వచ్చాయి. కానీ జేబులో ఇమిడి, గడియారంగా కూడా పనికివచ్చే ఈ ఆట తన వివిధ రూపాల్లో నాలుగు కోట్లకు పైగా అమ్ముడై లోకమంతటా వ్యాపించింది.

1982లో డాంకీ కాంగ్ అనే ఆటను ఈ చిన్న యంత్రంలోకి తేవలసి వచ్చింది. అంగడిలో నిలువెత్తు పెట్టెలో ఆడే ఆ ఆటకు నిలబెట్టిన కర్ర ఒకటి ఉండేది. దానిని నాలుగు దిక్కులకూ వంచి బొమ్మను నడిపేవారు. జేబులో పెట్టుకొనే యంత్రానికి కర్ర పనికిరాదు. నాలుగు విడివిడి మీటలు పెడితే ఏది ఎక్కడుందో చూడటానికి కన్ను తెర మీద నుండి దిగవలసి వస్తుంది. అందుకు యొకోయి కూడిక గుర్తు ఆకారంలో ఒకే మీటను రూపొందించారు. ఒక కొస నొక్కితే ఎదుటి కొస లేస్తుంది. ఏ దిక్కున ఉన్నామో బొటనవేలే తెలుసుకుంటుంది. మరుసటి ఏడాది ఇంటి టీవీకి తగిలించే నింటెండో యంత్రం కూడా దానినే స్వీకరించింది. 1990లలో మన బజార్లకు వచ్చిన వీడియో గేమ్ పెట్టెల చేతి పలకపై ఉన్న కూడిక గుర్తు మీటను ఆడినవారెవరూ మరచి ఉండరు. దానిని ఎవరు కనిపెట్టారో మాకూ అప్పుడు తెలియదు.

ఇక దూకుడు సంగతి. దీని వద్ద కొంతసేపు ఆగుతాము, మా విచారణ అంతా దీని కొరకే గనుక. డాంకీ కాంగ్‌ను రూపొందించిన యువకుడు షిగేరు మియమోతో. ఆయనకు పైన ఉండి నడిపించినవారు యొకోయి. ఆ ఆటలో మరియో అనే బొమ్మ మనిషి కాస్త ఎత్తు నుండి పడితే చచ్చేవాడు. 1983లో ఇద్దరూ కలిసి మరియో బ్రదర్స్ చేస్తున్నప్పుడు, ఎంత ఎత్తు నుండి పడినా వాడికి ఏమీ కాకూడదని యొకోయి సూచించారు. మియమోతో మొదట ఒప్పుకోలేదు. పడినా దెబ్బ తగలకపోతే అది ఆట ఎట్లా అవుతుందని ఆయన సందేహం. చివరకు మానవాతీతమైన శక్తి కొంత ఉంటే తప్పులేదని సమ్మతించారు. చిన్న మార్పే. కానీ దానితో ఎత్తు అనేది భయం కాక సరదా అయింది. ఆడేవాడు ధైర్యంగా అంచు నుండి దూకుతాడు, పైకి పోయి చూస్తాడు, దారి తప్పినా నష్టపోడు. గోతిలో పడితే మాత్రం ప్రాణం పోతుంది. ఆ గొయ్యి ఎదుటనే కనబడుతూ ఉంటుంది. తప్పు తనదేనని తెలిసిన ఓటమి మనిషిని మళ్లీ ఆడిస్తుంది, తెలియకుండా వచ్చిపడిన ఓటమి విసుగు పుట్టిస్తుంది. గోలీలు ఆడిన ప్రతి బాలునికీ ఇది అనుభవమే.

1989 ఏప్రిల్ 21న గేమ్ బాయ్ వెలువడింది. సతోరు ఒకాడా ప్రభృతులతో కలిసి యొకోయి బృందం దానిని నిర్మించింది. ఆకుపచ్చని తెర, అందులో నాలుగు ఛాయలు మాత్రమే. రంగుల తెరలు చేయటం అప్పటికే సాధ్యం. అదే సంవత్సరం అటారీ సంస్థ లింక్స్ అనే రంగుల యంత్రాన్ని, మరుసటి ఏడాది సెగా సంస్థ గేమ్ గేర్‌ను తెచ్చాయి. చూపులకు అవే మిన్న. కానీ వాటికి ఆరేసి పెన్సిల్ సెల్లులు కావాలి. అవి నాలుగైదు గంటలకే అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో పదిహేను గంటలకు తక్కువ కాకుండా నడిచింది. లాంప్ రూమ్ నుండి క్యాప్ ల్యాంపు తీసుకొని గనిలోకి దిగేవానిని అడిగి చూడండి. ఎంత తెల్లని వెలుగు ఇచ్చినా షిఫ్టు ముగియక ముందే ఆరిపోయే దీపం అతనికి అక్కరకు రాదు. యొకోయి లెక్క కూడా అదే. యంత్రం చౌకగా ఉండాలి, కింద పడినా పగలకూడదు, ప్రయాణం పూర్తయ్యే దాకా నడవాలి. రంగులను ఆడేవాడి మనసే నింపుకుంటుందని ఆయన నమ్మారు. ఆ నమ్మకం ఎంత ఫలించిందో అంకెలు చెబుతాయి: తరువాత వచ్చిన రంగుల రూపంతో కలిపి గేమ్ బాయ్ యంత్రాలు పదకొండు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

ఆ యంత్రంతో పాటే వెలువడిన ఆట సూపర్ మరియో ల్యాండ్. మియమోతో ప్రమేయం లేకుండా యొకోయి నిర్మాతగా, ఒకాడా దర్శకునిగా చేసినది అది. కేవలం పన్నెండు ఘట్టాలు. చేయి తిరిగినవాడు గంట లోపలే ముగిస్తాడు. కొందరు విమర్శకులు దానిని పొట్టిదన్నారు. మేము అంగీకరించము. ఆ తెరకు ఒక లోపం ఉండేది: వేగంగా కదిలే వస్తువు వెనుక మసక చార మిగిలేది. అందుకు తగినట్లు ఆ ఆటలో వెనుక భాగాన్ని చాలావరకు ఖాళీగా వదలి, మనిషిని, శత్రువును, గోతిని ముదురు గీతలతో నిలిపారు. ఇంటి తెర కొరకు చేసిన విశాలమైన ఆటను కుదించి చేతి తెరలో కుక్కితే రాబోయే గొయ్యి కనబడక ఆడేవాడు గుడ్డిగా దూకవలసి వస్తుంది. ఇక్కడ అట్లా లేదు. పైగా చేతి ఆట ఆడేవాడు కుర్చీలో స్థిరంగా కూర్చున్నవాడు కాదు. బస్సు వస్తుంది, అమ్మ పిలుస్తుంది. ఒక్క మీటతో ఆటను ఉన్నచోట ఆపగలగాలి, ఘట్టం కొద్ది నిమిషాల్లో పూర్తి కావాలి. ఈ మర్యాద తెలిసిన ఆట గనుకనే అది కోటి ఎనభై లక్షల ప్రతులు పోయింది. కొసలో విమానం ఎక్కించి కాల్పులు జరిపించటం మాత్రం మాకు రుచించలేదు. దూకటానికి వచ్చినవాడిని ఎగరమనటమేమిటి? అభిరుచి భేదం.

మెట్రాయిడ్ వంటి ప్రసిద్ధమైన ఆటలు కూడా ఆయన ఆధ్వర్యవంలోనే వెలువడ్డాయి. ఇంతటివాడు 1995లో పడిపోయారు. వర్చువల్ బాయ్ అనే యంత్రం ఎర్రని దీపాలతో లోతు కనబడే బొమ్మలను చూపేది. దానిని బల్లపై నిలిపి రెండు కళ్లూ అందులో ఆనించి చూడాలి. వెంట తీసుకుపోవటానికి వీలు లేదు. పక్కవానికి చూపటానికి వీలు లేదు. కొంతసేపటికి తలనొప్పి అని ఎందరో ఫిర్యాదు చేశారు. ఎనిమిది లక్షలైనా అమ్ముడుపోకుండానే అది అంగడి నుండి తొలగిపోయింది. మా అభిప్రాయంలో అక్కడ యొకోయి తన దారినే తాను తప్పారు. చేతి ఆట ఆడేవాడికి చుట్టూ లోకం ఉంటుంది; ఓరకంట బస్సు కనబడుతుంది, భుజం మీదుగా మిత్రుడు తొంగి చూస్తాడు. ఆ లోకాన్ని మూసివేసి నల్లని చీకటిలో ఎర్రని గీతలు చూపితే ఎవరు సంతోషిస్తారు? చీకటిలో ఒక్క దీపాన్ని నమ్ముకొని ఎనిమిది గంటలు గడపటం ఎట్లా ఉంటుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. దానిని ఎవరూ వినోదమని అనరు.

అయితే ఒక్క ఓటమితో మనిషిని తూచటం న్యాయం కాదు. ఆయన గేమ్ బాయ్ పాకెట్ అనే సన్నని రూపాన్ని పూర్తిచేసి, 1996 ఆగస్టులో ముప్పై ఒక్క ఏళ్ల కొలువుకు స్వస్తి చెప్పారు. ఓటమి వల్లనే వెళ్లిపోయారని లోకం చెప్పుకొంది. ఆయన దానిని అంగీకరించలేదు. క్యోటోలోనే కోటో అనే చిన్న సంస్థను స్థాపించి, బండాయ్ కంపెనీ కొరకు మరొక చేతి యంత్రపు రూపకల్పనకు పూనుకున్నారు.

1997 అక్టోబరు 4న హొకురికు రహదారిపై ఆయన ప్రయాణిస్తున్న కారుకు చిన్న ప్రమాదం జరిగింది. దెబ్బ ఎంత తగిలిందో చూడటానికి ఆయన కిందికి దిగారు. అంతలో మరొక కారు వచ్చి ఢీకొన్నది. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు. యంత్రానికి ఏమైందోనని దిగి చూడటం ఆయన తొలి ఉద్యోగపు అలవాటు.

బండాయ్ వారి వండర్‌స్వాన్ 1999 మార్చిలో వెలువడింది. నిలువుగానూ అడ్డంగానూ పట్టుకొని ఆడే ఆ యంత్రానికి కావలసినది ఒక్క పెన్సిల్ సెల్లు. దానితో పాటు వచ్చిన గీతలు కలిపే ఆటకు ఆయన జ్ఞాపకార్థం గుంపెయ్ అని పేరు పెట్టారు.