రెండు వైపులా నిందలు మోసిన నాయకుడు



ఎన్నికల వేడిలో ఎదుటివాణ్ణి దేశద్రోహి అనడం ఎంత తేలికో మీకు తెలుసు. ఆ నింద మోసిన ఒక కథోలికుని గురించి ఈ వారం తెలుసుకుందాం. ఆయన కెనడా ప్రధాని సర్ విల్ఫ్రిడ్ లోరియే.

లోరియే 1841లో క్విబెక్ ప్రాంతంలో, ఫ్రెంచి మాట్లాడే కుటుంబంలో జన్మించారు. న్యాయవాది అయి, 1874లో దేశ పార్లమెంటులో ప్రవేశించారు. ఆయన లిబరల్ పార్టీని ఆనాటి క్విబెక్ మేత్రాణులలో పలువురు అనుమానంగా చూశారు. అయినా పార్లమెంటులో తాను కథోలికులకే గాక అందరికీ ప్రతినిధినని ఆయన పట్టు వదలలేదు. 1896లో ప్రధాని అయ్యారు. ఫ్రెంచి కెనడియన్లలో ఆ పదవి పొందిన మొదటివాడు ఆయనే.

అసలు పరీక్ష 1911లో వచ్చింది. తమ పంటకు అమెరికా మార్కెట్టు కావాలని పశ్చిమ కెనడా రైతులు కోరుతున్నారు. లోరియే ప్రభుత్వం అమెరికాతో ఒప్పందం కుదుర్చుకుంది. ధాన్యం, పశువులు, చేపలు మొదలైన వాటిపై ఇరువైపులా సుంకాలు పోతాయి. కన్సర్వేటివ్ నాయకుడు రాబర్ట్ బోర్డెన్ దీన్ని ఎదిరించారు. పార్లమెంటు స్తంభించడంతో లోరియే ఎన్నికలు ప్రకటించారు.

బోర్డెన్ పక్షం భయం వట్టిది కాదు. కెనడా జనాభా సుమారు 72 లక్షలు, అమెరికాది 9 కోట్లకు పైమాట. పైగా అమెరికా నాయకుడు చాంప్ క్లార్క్ కెనడా తమలో కలవాలన్న ఆశను బాహాటంగా చెప్పారు. అది విని ఓటర్లు ఉలిక్కిపడ్డారు. చివరికి సుంకాల లెక్క మరుగున పడి, దేశభక్తి ఎవరిదన్న తగవే మిగిలింది.

ఆంటారియోలో లోరియేను దేశాన్ని అమెరికాకు అప్పగించేవాడన్నారు. క్విబెక్‌లో, ఆయన 1910లో నెలకొల్పిన నౌకాదళాన్ని చూపి, బ్రిటన్‌కు దాసుడన్నారు. ఒకే మనిషి, రెండు విరుద్ధమైన నిందలు! సెప్టెంబరు 21న ఆయన పార్టీ ఓడిపోయింది. ఒప్పందం మూలపడింది. 15 ఏళ్ల పాలన ముగిసినా ఆయన ప్రతిపక్ష నాయకునిగా 1919లో మరణించేవరకు సేవ చేశారు.

తర్వాతి సంగతి వినండి. 1988 ఎన్నికలలో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి అమెరికాతో ఒప్పందం కావాలన్నది కన్సర్వేటివ్‌లు, వద్దన్నది లిబరల్‌లు! మరి 1911లో ద్రోహి ఎవరు?

పొరుగుదేశంతో ఎలా మెలగాలన్నది వాదించదగిన విషయమే. కాని వాదించేవాని దేశభక్తిపై బురద చల్లితే ఎనిమిదవ ఆజ్ఞను మీరినట్లే. ఓటు వేసే ముందు ఆ పని వల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు అని అడగండి. మీ ఇంటి అరుగు మీద జరిగే ఎన్నికల చర్చలోనూ ఈ నియమాన్ని పాటించండి.