ఎండకు కరగని, చలికి పగలని రబ్బరు



ఎండాకాలంలో ఊరికి బయల్దేరితే నడిరోడ్డు మీద ఫ్యాన్ బెల్ట్ తెగి కారు ఆగిపోవడం, పాత కార్లు నడిపిన మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. బెల్ట్ తెగితే ఫ్యాన్ తిరగదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది. అందుకే బెల్టులు చేసేవాళ్లు వాటిని కార్ల కంపెనీలకు ఇచ్చే ముందు మండే వేడిలో, గడ్డకట్టే చలిలో గంటల తరబడి పుల్లీల మీద తిప్పి చూస్తారు. రబ్బరు ఆ రెండింటికీ తట్టుకునేలా చేయడానికి ఒక మనిషి తన జీవితమంతా పెట్టాడు. ఆయనే చార్లెస్ గుడ్‌ఇయర్.

టైర్ల మీద పేరు చూసి ఆయన పెద్ద కంపెనీ యజమాని అనుకోకండి. ఆ కంపెనీ ఆయన పోయిన 38 ఏళ్లకు పుట్టింది. ఆయన పేరు పెట్టుకుంది, అంతే.

గుడ్‌ఇయర్ 1800లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో పుట్టాడు. ఇనుప సామాను వ్యాపారం చేసి దివాలా తీశాడు. 1834లో న్యూయార్క్‌లోని ఒక రబ్బరు దుకాణానికి వెళ్లినప్పుడు అసలు సమస్య తెలిసింది. రబ్బరు సరుకు ఎండాకాలంలో జిగురులా కారిపోతోంది, చలికాలంలో రాయిలా గట్టిపడి పగులుతోంది. కొన్నవాళ్లు తిరిగి తెచ్చి పడేస్తున్నారు. దీన్ని తనే సరిచేస్తానని దిగాడు. రసాయనశాస్త్రం చదువుకోలేదు. అప్పు తీర్చలేనివాళ్లను జైల్లో పెట్టే రోజులవి, ఆయన చాలాసార్లు వెళ్లొచ్చాడు.

ఒకసారి గెలిచాననే అనుకున్నాడు. నైట్రిక్ ఆమ్లంతో శుద్ధి చేసిన రబ్బరుతో ప్రభుత్వానికి 150 తపాలా సంచులు కుట్టించాడు. వాటిని వెచ్చని గదిలో ఉంచి ఊరెళ్లి వచ్చేసరికి అవి కరిగి కారిపోతున్నాయి. ఆమ్లం పైపొరను మాత్రమే మార్చింది, లోపల పాత రబ్బరే. సంచులు చేసే ముందే ఒక ఎండాకాలం ఆగి చూసి ఉంటే ఆ నష్టం తప్పేది కదా అనిపిస్తుంది నాకు.

ఆ తర్వాతి రోజులు మరీ కష్టం. ఇంట్లో సామాన్లు అయిపోయాక పిల్లల పాఠ్యపుస్తకాలు కూడా అమ్మేశాడు. టీచర్‌గా నాకు ఇక్కడ ఆయన మీద కోపం వస్తుంది, దాచుకోను. పన్నెండు మంది పిల్లల్లో ఆరుగురు పసితనంలోనే పోయారు. భార్య క్లారిసా ఇవన్నీ భరించింది.

1839లో వూబర్న్ అనే ఊళ్లో గంధకం కలిపిన రబ్బరు ముక్క వేడి పొయ్యికి తగిలింది. అది కరగలేదు, తోలులా మాడింది. మాడినచోటు అంచున సాగే గుణం మిగిలింది. అదృష్టం అంటారు చాలామంది. కానీ ఆ ముక్కను ఆయన గడ్డకట్టే చలిలో తలుపు బయట మేకు కొట్టి, తెల్లారాక వంచి చూశాడు. అది పగల్లేదు! ఆ రాత్రి ఆయన చేసింది సరిగ్గా నేటి బెల్ట్ పరీక్షే. వేడి ఎంత, ఎంతసేపు అన్నది తేలడానికి ఇంకా ఏళ్లు పట్టింది. చివరికి సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నాలుగు నుంచి ఆరు గంటల ఆవిరి బాగా పనిచేసింది. 1844లో పేటెంటు వచ్చింది.

డబ్బు మాత్రం రాలేదు. ఆయన పద్ధతిని కాపీ కొట్టినవాళ్ల మీద కోర్టుల చుట్టూ తిరిగాడు. 1860లో కూతురు చావుబతుకుల్లో ఉందని తెలిసి న్యూయార్క్ బయల్దేరాడు. చేరేసరికే ఆమె లేదు. కొద్దిరోజుల్లో ఆయనా పోయాడు, సుమారు రెండు లక్షల డాలర్ల అప్పు మిగిల్చి.

1917లో డెన్వర్‌లో జాన్ గేట్స్ అనే ఆయన రబ్బరుతో వి ఆకారపు బెల్ట్ చేశాడు. అంతకుముందు తాళ్లు, తోలు పట్టీలు వాడేవారు. ఇప్పుడు రబ్బరు రకాలు మారాయి. వేడి చేసి, లోపలి అణువుల గొలుసులను ఒకదానికొకటి కట్టిపడేసే ఉపాయం మాత్రం మారలేదు.

ఈసారి సర్వీసింగ్‌కు వెళ్లినప్పుడు పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. ఇంజిన్ ఆపి, చల్లారాక, మెకానిక్‌ను అడిగి తీసేసిన పాత బెల్ట్‌ను వాళ్లనే వంచి చూడనివ్వండి. పగుళ్లు ఎక్కడున్నాయో వాళ్లే చెబుతారు.