సినిమాని గడప లోపలికి తెచ్చిన మా తెనాలి చక్రపాణి గారు

పోయిన సంక్రాంతికి మా అమ్మాయి కొడుకు హైదరాబాదు నుంచి బాపట్ల వచ్చాడు. వాడికి పాతకాలం అమెరికా బొమ్మల పుస్తకాలంటే వల్లమాలిన పిచ్చి. అరిసెలు తింటూ ఫోన్లో ఒక్కొక్కటే తీసి చూపించాడు. 1950లో మనుషులు రాకెట్‌లో చంద్రుడి మీదికి వెళ్లే డెస్టినేషన్ మూన్ సినిమా వస్తే, ఆ ఏడే ఆ కథని బొమ్మల పుస్తకంగా అచ్చేసి అమ్మారట. 1960లో టైమ్ మెషీన్ సినిమాకీ అంతేనట. డెల్ అనే కంపెనీ పుస్తకం వేస్తే అలెక్స్ టోత్ అనే ఆయన బొమ్మలు గీశాడట. క్యాసెట్లూ సీడీలూ లేని రోజులాయె! హాల్లోంచి సినిమా ఎత్తేస్తే మళ్లీ చూసే దారేది? అందుకని పిల్లలు ఆ పుస్తకాన్ని దాచుకుని, పేజీలు తిప్పుకుంటూ సినిమాని మళ్లీ చూసుకునేవాళ్లన్నమాట. ఇంతా చెప్పి, మన తెలుగువాళ్లకి ఇలాంటి ఆలోచనే రాలేదా అమ్మమ్మా అని అడిగాడు.

నాకు నవ్వొచ్చింది. ఎందుకు రాలేదురా, మన తెనాలాయనకి 1951లోనే వచ్చింది అన్నాను. అక్కడ రాకెట్టు, ఇక్కడ మంత్రదండం. అంతే తేడా! ఆ తెనాలాయన పేరు చక్రపాణి. ఆయన గురించి చెప్పాలంటే ముందు మా అమ్మ గురించి చెప్పాలి.

అమ్మ చూడని సినిమా

అమ్మ పుట్టిల్లు తెనాలి, అత్తిల్లు రేపల్లె. 2022 నుంచి రేపల్లె, బాపట్ల ఒక జిల్లాలోకి వచ్చి తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది గానీ, అప్పట్లో మూడూళ్లూ ఒకే జిల్లా. అమ్మ అయిదో తరగతి దాకా చదివి 1950లో కాపురానికి వచ్చింది. మా మేనమామ నెలకోసారి తెనాలి నుంచి రేపల్లె రైల్లో చెల్లెల్ని చూడటానికి వచ్చేవాడు. ఆయన చేతిసంచిలో పప్పు, బెల్లంతో పాటు చందమామ పుస్తకం ఉండేది. నవలైతే మా ఇంట్లో ఊరుకునేవాళ్లు కాదు. చందమామ పిల్లల పుస్తకం కదా, కొత్త కోడలు చదువుకున్నా ఎవరికీ తప్పుగా కనిపించేది కాదు.

1951 మార్చిలో విజయా వారి పాతాళభైరవి విడుదలైంది. దానికి రెండు నెలల ముందే ఆ సినిమా కథని చందమామలో వేశారు. తమిళంలో వచ్చే అంబులిమామలోనూ వేశారు. సినిమా తీసిందీ, పత్రిక నడిపిందీ నాగిరెడ్డి, చక్రపాణి గార్లే. జనం హాలుకి రాకముందే కథ ఇళ్లలోకి వెళ్లిపోయింది. తోటరాముడు, ఇందుమతి, నేపాళ మాంత్రికుడు అందరూ మా రేపల్లె వంటింట్లోకి కూడా వచ్చేశారు.

తర్వాత సినిమా తెనాలిలో ఆడుతోందని కబురొచ్చింది. పుట్టింటివాళ్లంతా వెళ్లారు. అమ్మని పంపమని మేనమామ వచ్చి అడిగితే మా తాతయ్య ఒప్పుకోలేదు. కొత్త కోడలు సినిమా కోసం రైలెక్కి వెళ్లడమేంటి? అమ్మ ఏమీ అనలేదు. చందమామ తీసి మళ్లీ చదువుకుంది. అంట్లు తోముతూ, వడ్లు దంచుతూ ఆ సినిమాని తన బుర్రలో తనే ఆడించుకుంది. మేం పుట్టాక రాత్రిళ్లు అన్నం కలిపి ముద్దలు పెడుతూ చేతులు తిప్పుతూ పాతాళభైరవి కథ చెప్పేది. మాంత్రికుడి వంతు వచ్చేసరికి గొంతు మార్చేసేది. మేం భయపడి ఒకళ్ల వెనకాల ఒకళ్లం దాక్కునేవాళ్లం. తను ఆ సినిమా చూడనేలేదని మాకు చాలా ఏళ్ల దాకా తెలీదు.

పొయ్యిలోకి వెళ్లిన పుస్తకాలు

1959లో, నాకు ఏడేళ్లప్పుడు, అమ్మకి టీబీ అని తేలింది. ఆ రోజుల్లో ఆ మాట ఇంట్లో కూడా పైకి అనేవాళ్లు కాదు. అమ్మకి వెనక గది ఇచ్చారు. కంచం వేరు, చెంబు వేరు. పిల్లలం గడప దాటకూడదు. నేను గడప ఇవతల కూర్చుని చందమామ గట్టిగా చదివేదాన్ని, అమ్మ మంచం మీద పడుకుని వినేది. నా చదువు అలా వచ్చిందే.

తర్వాత అమ్మని గుంటూరు తీసుకెళ్లి ఇంజెక్షన్లు చేయించారు. తను అటు వెళ్లగానే ఇంట్లో పెద్దవాళ్లు అమ్మ పక్కగుడ్డలతో పాటు చందమామలన్నీ కాల్చేశారు. పాతాళభైరవి ఉన్న పుస్తకం కూడా అందులోనే పోయింది. వాళ్ల భయం వాళ్లది. జబ్బు నయమై అమ్మ తిరిగొచ్చింది. అలమర ఖాళీగా ఉండటం చూసి కూడా ఏమీ అడగలేదు. 1972లో నన్ను బాపట్ల సంబంధానికి ఇచ్చేటప్పుడు ఆ జబ్బు సంగతి మగపెళ్లివారికి చెప్పలేదు. తెలిస్తే పెళ్లి ఆగిపోతుందని మా వాళ్ల భయం. ఆ దాచిన మాట నా గుండెల మీద ఎంత బరువుగా ఉండేదో నాకే తెలుసు.

పక్క మంచం చదువు

1975 సెప్టెంబరు 24న చక్రపాణి గారు మద్రాసులో పోయారు. అప్పుడు అమ్మ బాపట్లలో మా ఇంట్లోనే ఉంది. పత్రికల్లో ఆయన జీవితం గురించి వచ్చినవి నేను చదువుతుంటే, అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వింటోంది.

ఆయన అసలు పేరు ఆలూరు వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న తెనాలి ఐతానగర్‌లో పుట్టారు. జాతీయోద్యమం రోజుల్లో హిందీ మీద మక్కువతో ఆ భాష నేర్చుకున్నారు. చక్రపాణి అన్న పేరు పెట్టింది కూడా ఆయనకి హిందీ చెప్పిన వ్రజనందన వర్మ గారే. 1932లో ఆయనకి క్షయ వచ్చింది... ఈ ముక్క దగ్గర నా గొంతు ఆగింది. అమ్మ చేతిలో చేట కూడా ఆగింది.

అప్పటికి టీబీకి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి, ఇవే వైద్యం. అందుకని మదనపల్లె శానిటోరియంలో చేరారు. బతికి బయటపడతామో లేదో తెలియని ఆ మంచం మీద చక్రపాణి గారు ఊరికే పడుకోలేదు. పక్క మంచం మీద ఉన్న బెంగాలీ పండితుడి దగ్గర బెంగాలీ నేర్చేసుకున్నారు! జబ్బు నయమై తిరిగొచ్చి శరత్‌బాబు నవలల్ని తెలుగులోకి తెచ్చారు. ఎంత తేటగా రాశారంటే, శరత్ తెలుగువాడేనని అనుకున్న పాఠకులు ఎందరో. మన అమ్మమ్మలు దేవదాసుని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకున్నారంటే అందులో ఆ పక్క మంచం చదువుకి కూడా వాటా ఉంది.

1930ల మధ్యలో ఆయన తెనాలిలో యువ అనే పత్రిక పెట్టారు. తర్వాత సినిమాల్లోకి వెళ్లారు. 1941లో వచ్చిన ధర్మపత్నికీ, 1945లో వచ్చిన స్వర్గసీమకీ పనిచేశారు. మద్రాసులో నాగిరెడ్డి గారితో స్నేహం కుదిరింది. ఆ స్నేహం ఎంత గట్టిదంటే, నాగిరెడ్డి-చక్రపాణి అంటే ఒక్క మనిషే అనుకున్నవాళ్లూ ఉన్నారు. 1947 జూలైలో ఇద్దరూ కలిసి చందమామ మొదలుపెట్టారు. పిల్లలకి అర్థం కాని మాట ఉండకూడదు, పేజీ తిప్పితే బొమ్మ కనపడాలి, ఇదీ చక్రపాణి గారి పట్టుదల. చిత్ర, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్ లాంటివాళ్ల బొమ్మలు చూస్తూనే చదువు రానివాళ్లకి కూడా కథ తెలిసిపోయేది.

ఇంకో సంగతి. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. ఫిజిక్సు చదివిన మనిషి, సైన్సు మీదా సినిమాల మీదా వ్యాసాలు రాశారు. 1954లో తోకచుక్క సీరియల్‌తో పిల్లల్ని కట్టిపడేసిన దాసరి సుబ్రహ్మణ్యం గారు కూడా తెనాలి ప్రాంతం వారే. ఆకాశంలో తోకచుక్క, కింద రాక్షసులు, మాంత్రికులు! నెలకి ఒక్క ముక్క ఇచ్చి, తర్వాతేమైందో తెలియక పిల్లలు నెలంతా కొట్టుకుపోయేలా చేసేవారు. అమెరికా పిల్లలకి రాకెట్లు చేసిన పనే మన పిల్లలకి ఆ సీరియళ్లు చేశాయి.

సినిమాల్లోనూ చక్రపాణి గారు మన ఇంటి సంగతులు వదల్లేదు. విజయా సంస్థ 1950లో షావుకారుతో మొదలైంది. పాతాళభైరవిని కె.వి. రెడ్డి గారు తీస్తే పింగళి నాగేంద్రరావు గారు రాశారు, రామారావు, రంగారావు గార్లు తెర మీద నిలబెట్టారు. 1952లో బొంబాయిలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి కూడా ఆ సినిమా వెళ్లింది. 1952లోనే వచ్చిన పెళ్లిచేసి చూడు కట్నాల మీద నవ్విస్తూ వాత పెట్టింది. 1954లో తీసిన జానపదం చంద్రహారం మాత్రం దెబ్బతింది. 1955లో వచ్చిన మిస్సమ్మలో చదువుకున్న ఆడపిల్ల ఉద్యోగం కోసం ఊరు కాని ఊరు వెళ్తుంది. ఒక బెంగాలీ కథకి చక్రపాణి గారు మన తెలుగు ఇంటి చీర కట్టారు. చూశారా, శానిటోరియం మంచం మీద నేర్చిన బెంగాలీ ఎంత దూరం వచ్చిందో!

1957లో వచ్చిన మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె ఉంటుంది. శశిరేఖ దాని మూత తీస్తే ఎక్కడో ఉన్న అభిమన్యుడు కనిపిస్తాడు. టీవీ మొహం చూడని రోజుల్లో, మనం ఇవాళ ఫోన్లో పిల్లల్ని చూసుకుంటున్నట్టుగా! ఆ సినిమాకి కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారే 1991లో కాలయంత్రం కథతో ఆదిత్య 369 తీశారు. మా మనవడి టైమ్ మెషీన్ చివరికి మన విజయా వారి వాకిట్లోకే వచ్చిందన్నమాట.

ఆ సాయంత్రం

నేను చదవడం అయ్యాక, ఆ మదనపల్లె ముక్క మళ్లీ చదవమంది అమ్మ. చదివాను. ఇంత పేరున్న మనిషి తన జబ్బుని దాచుకోలేదా అని అడిగింది. దాచుకుంటే పత్రికలో ఎలా వస్తుందమ్మా అన్నాను. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం మా అత్తగారు పెరట్లో పూలు కడుతుంటే అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. వదినగారూ, మీకొక మాట దాచాం అంటూ తన టీబీ సంగతి మొత్తం చెప్పేసింది. వెనక గది, వేరు కంచం, కాలిన పుస్తకాలు, అన్నీ. తలుపు దగ్గర నిలబడ్డ నాకు కాళ్లు వణికాయి. నా కాపురం ఏమవుతుందో అనిపించింది. అత్తగారు కాసేపు పూలు కడుతూనే ఉన్నారు. తర్వాత లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, అమ్మకిచ్చి, మిగిలినవి తను తాగారు. ఆ విషయం మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మూడేళ్లుగా నా గుండెల మీదున్న బరువు ఆ చెంబుడు నీళ్లతో దిగిపోయింది.

కొన్నేళ్ల తర్వాత పాతాళభైరవి మళ్లీ బాపట్ల వచ్చింది. వియ్యపురాళ్లిద్దరూ రిక్షా కట్టించుకుని మ్యాట్నీకి వెళ్లారు. ఎలా ఉందమ్మా అని అడిగితే, బాగానే ఉంది గానీ నా చందమామలో మాంత్రికుడే ఇంకా భయంగా ఉండేవాడు అంది! అంతగా చూపించిన అచ్చు పుస్తకం మరి అది.

చందమామ పన్నెండు భాషల పైన నడిచి, 2013 ప్రాంతంలో ఆగిపోయింది. బేతాళ కథలకి ప్రాణం పోసిన శంకర్ గారు 2020లో వెళ్లిపోయారు. అమ్మ కూడా లేదు. టీబీకి ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తారు, మామూలుగా ఆరు నెలలు ఆపకుండా వాడితే నయమైపోతుంది. అయినా ఆ మాట పైకి చెప్పడానికి భయపడే కోడళ్లు, ఆడపిల్లలు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటివాళ్లుంటే చక్రపాణి గారి పక్క మంచం చదువు సంగతి చెప్పండి. వీలైతే గడప దాటి లోపలికి వెళ్లి, పక్కన కూర్చుని చెప్పండి. ఎలా కూర్చోవాలో, ఏ జాగ్రత్త తీసుకోవాలో డాక్టరు గారు చెబుతారు.