తలుపు అవతల ఎవరు?

ఇంట్లో సీసీ కెమెరాలు పెట్టిద్దాం అనుకోగానే అందరం ఒకే రకం ప్రశ్నలు అడుగుతాం. ఎన్ని మెగాపిక్సెల్, వైఫైదా వైరుదా, ఫోన్‌లో కనిపిస్తుందా. ఈ మొత్తం ఏర్పాటుని 1966లోనే ఒక ఇంటి కోసం కాగితం మీద గీసి పెట్టినావిడ ఇంజనీర్ కాదు. నర్సు. పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్.

ఆవిడ 1922లో న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో పుట్టారు. ఆఫ్రికన్ అమెరికన్. భర్త ఆల్బర్ట్ బ్రౌన్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. ఇల్లు జమైకాలో. జమైకా అంటే ఉసేన్ బోల్ట్ దేశం కాదు, క్వీన్స్‌లోనే ఆ పేరుతో ఒక పేట ఉంది. ఇద్దరి డ్యూటీలూ వేళాపాళా లేనివే. ఆవిడ ఇంటికొచ్చేసరికి ఆయన ఉండరు, చాలా రాత్రులు ఒంటరిగానే ఉండాలి. పేటలో నేరాలు పెరిగిపోతున్నాయి, పోలీసులకి ఫోన్ చేస్తే వచ్చేసరికి ఆలస్యం. అర్ధరాత్రి ఎవరో తలుపు కొడతారు. ఎవరో తెలియాలంటే లేచి తలుపు దగ్గరకే వెళ్లాలి. అసలు భయం ఆ నాలుగు అడుగులు వేయడమే.

అందుకని తలుపునే మంచం దగ్గరకి తెచ్చుకున్నారు. తలుపులో ఒకదాని కింద ఒకటి నాలుగు కన్నాలు. పైది పొడుగు మనిషికి, కిందది చిన్నపిల్లలకి. వాటి వెనక ఒక టీవీ కెమెరా, మోటారుతో పైకీ కిందకీ జరుగుతుంది. అప్పటి టీవీ కెమెరా అంటే లోపల గాజు ట్యూబు ఉన్న పెద్ద పెట్టె, ఇప్పటిలా అరచేతిలో పట్టేది కాదు. నాలుగు కన్నాలకి నాలుగు పెట్టే బదులు ఒక్కదాన్నే కదిలించడం నాకైతే భలే నచ్చింది. కెమెరా చూసింది రేడియో ద్వారా బెడ్‌రూమ్‌లోని టీవీకి వస్తుంది. అంటే వైఫై అన్న మాటే పుట్టక ముందు వైర్‌లెస్ కెమెరా అన్నమాట! తలుపుకి అటూ ఇటూ మైకు, స్పీకరు. ఎవరు, ఏం పని అని పడుకునే అడగొచ్చు. తెలిసినవాళ్లయితే ఒక స్విచ్ నొక్కితే గడియ తెరుచుకుంటుంది. తేడాగా ఉంటే ఇంకో స్విచ్, దూరంగా ఉన్న కాపలావాళ్లకి అలారం వెళ్తుంది.

కెమెరా, మైకు, రేడియో ఏవీ అప్పటికి కొత్తవి కావు. వాటన్నిటినీ ఎవరి చేతిలో పెట్టాలన్నదే ఆవిడ ఆలోచన. పేటెంట్‌లో కూడా ఈ సిస్టమ్ ఇంట్లో ఉండే మనిషి అదుపులో ఉంటుందనే మొదటే రాసుకున్నారు. చూడాలా వద్దా, మాట్లాడాలా వద్దా, బయటివాళ్లకి చెప్పాలా వద్దా, అన్నీ మంచం మీద ఉన్న ఆ ఒక్క మనిషి ఇష్టం.

దరఖాస్తు 1966 ఆగస్టు 1న పెట్టారు. పేటెంట్ 1969 డిసెంబర్ 2న వచ్చింది, నంబర్ 3,482,037. దాని మీద ఆవిడ పేరు ముందు, భర్త పేరు తర్వాత. వైరింగ్‌లో ఆయన చెయ్యి చాలానే ఉండుంటుంది, కానీ రాత్రి ఒంటరిగా ఉండటం ఎలా ఉంటుందో తెలిసింది ఆవిడకే కదా. అదే నెలలో న్యూయార్క్ టైమ్స్ వీళ్ల గురించి రాసింది. అయితే అంత ఖర్చు పెట్టి ఇంటికి పెట్టించుకునేవాళ్లు అప్పుడు లేరు, అది మార్కెట్లోకి రాలేదు. ఆవిడ నర్సుగానే కొనసాగారు. తర్వాత వచ్చిన 30కి పైగా పేటెంట్లు ఆవిడ పేటెంట్‌ని ప్రస్తావించాయి. 1999లో, 76 ఏళ్ల వయసులో, క్వీన్స్‌లోనే చనిపోయారు.

ఆ తర్వాత కెమెరాలు చవకైపోయి ఇంటింటికీ వచ్చాయి, ఇంటర్నెట్‌కి కూడా ఎక్కాయి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ వచ్చింది. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి, రౌటర్లలోకి దూరి వాటిని సైన్యంలా వాడింది. అక్టోబర్ 21న అవి డిన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద పడితే అమెరికాలో చాలామందికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ తెరుచుకోలేదు. కెమెరా యజమానులకి ఆ సంగతే తెలీదు. ఇల్లు వాళ్లది, కరెంటు బిల్లు వాళ్లది, స్విచ్ మాత్రం ఇంకెవరి చేతిలోనో ఉంది.

మేరీ గీసిన బొమ్మని ఇవాళ మనింట్లో కట్టాలంటే కష్టం ఏమీ లేదు. రికార్డింగ్ క్లౌడ్‌లో కాకుండా ఇంట్లోనే ఎన్‌వీఆర్‌లో. కెమెరాలకి రౌటర్‌లో వేరే నెట్‌వర్క్, ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ ఉన్నదాంట్లో కలపకుండా. అటు నుంచి ఇంటర్నెట్‌కి దారి మూసేయాలి. పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చాలి. బయట నుంచి చూడాలనిపిస్తే పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి పోకుండా ఇంటికి వీపీఎన్ పెట్టుకోవాలి. సగం మంది ఇక్కడే విసుగొచ్చి, డబ్బా మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేసి ఊరుకుంటారు. చాలా కెమెరాల్లో అప్పుడు హాల్లోంచి బెడ్‌రూమ్‌కి రావాల్సిన వీడియో కూడా ముందు కంపెనీ సర్వర్ తలుపు తట్టి వస్తుంది.

పేటెంట్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. పైన రాసిన నంబర్ కొడితే చాలు, కొన్ని పేజీలే. సర్క్యూట్ బొమ్మల్లో ఏ స్విచ్ ఏం చేస్తుందో ఒక్కొక్కటీ రాసుంది. ఆ స్విచ్‌లన్నీ ఇంటి లోపలే ఉన్నాయి.